ఎనిమిదో ఎర్ర పేలిక

హరికృష్ణ సింగపూర్లో ఏం చేస్తున్నాడని కాకినాడలో ఎవర్నడిగినా "సాఫ్ట్‌వేర్" అని ఠక్కున చెప్పేవారు. ఆ మాట పుట్టించింది అతనే. 1999లో సాఫ్ట్‌వేర్ కానిది ఏం చెప్పినా ఎదుటివాళ్ళు "అలాగా" అని మాట మార్చేసే రోజులు మరి. అసలు సంగతేమిటంటే, అతను జురాంగ్‌లో ఓ బిస్కెట్ల ఫ్యాక్టరీకి పనిమీద వెళ్ళి, తలకి వలటోపీ పెట్టుకుని, పాత యంత్రాల కంట్రోల్ ప్యానెళ్ళు పీకి కొత్తవి బిగించే ఇంజనీరు. బిషాన్‌లో అతని పక్క ఫ్లాట్ల కుర్రాళ్ళంతా రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయనే గండం పేరు చెప్పి బ్యాంకుల్లో చల్లగా కూర్చుంటుంటే, ఇతను సాయంత్రం ఇంటికొచ్చేసరికి చొక్కా వెన్న వాసన కొట్టేది. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ముందు పరుగెత్తి స్నానం చేసేవాడు.

పైగా ఆశ ఒకటుంది. ఈ పని మచ్చ లేకుండా పూర్తిచేస్తే జనవరి నుంచి సాఫ్ట్‌వేర్ విభాగంలోకి మారుస్తానని కంపెనీ బాస్ మాటిచ్చాడు. అప్పుడిక అబద్ధం నిజమైపోతుంది. అబద్ధాన్ని నిజం చేసుకునే అవకాశం అందరికీ రాదు కదా!

ఫ్యాక్టరీ మేనేజరు మిస్టర్ కో కి కూడా రెండువేల జ్వరం పట్టింది. పాతది ఏది కనబడినా తీసెయ్యమన్నాడు. అలా వంతు వచ్చింది ప్యాకింగ్ యంత్రానికి. దాని ప్యానెల్ ఇరవయ్యారేళ్ళనాటిది. బీరువాలంత ఇనుప పెట్టెలు మూడు, వాటిలో నూట నలభై రిలేలు. రిలే అంటే కరెంటు అందగానే టక్కుమని మూసుకునే అయస్కాంతపు స్విచ్చు. యంత్రం నడిచినంతసేపూ అవన్నీ టకటకలాడుతూ ఉండేవి. ఆ మూడు బీరువాల పనీ చెప్పుల పెట్టెంత పీ.ఎల్.సి. చేసేస్తుంది. అది చిన్న కంప్యూటరే. వైర్లు మార్చక్కర్లేదు, లాప్‌టాప్ తగిలించి ప్రోగ్రామ్ మారిస్తే చాలు.

ఆ బీరువాలకి ఓ మనిషున్నాడు. ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ వెంకటరాజు. ఆయన తాత విశాఖపట్నం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చినవాడు. వెంకటరాజు తోటలోనే పుట్టి, కుర్రతనంలో సింగపూర్ చేరి, సెరంగూన్‌లో స్థిరపడ్డాడు. విశాఖ ఎలా ఉంటుందో చూసినవాడు కాదుగానీ నోరు విప్పితే ఆ యాసే. యాభై ఎనిమిదేళ్ళు. రిలేల చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. "మూడో పెట్టిలో కింద వరసలో ఒకటి ఆలస్యంగా కొట్టుకుంటంది" అని వెళ్ళి దాన్నే పట్టుకునేవాడు.

మొదటిరోజే హరికృష్ణని అడిగాడు. "రెండువేలొస్తే కంప్యూటర్లకి కళ్ళు తిరుగుతాయంట గదా బాబూ. నా రిలేలకి ఇది ఏ సంవత్సరమో ఇప్పటికీ తెల్దు. ఆటికేటి బయం?"

హరికృష్ణ నవ్వేసి ఊరుకున్నాడు. ముసలాయనకి చెప్పినా అర్థం కాదనుకున్నాడు. అదీ పొరపాటే అయింది. మర్నాడు లాప్‌టాప్ తెరమీద ప్రోగ్రామ్ చూడగానే వెంకటరాజు కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగాడు. ఎలక్ట్రీషియన్లు బెదిరిపోకూడదని, పీ.ఎల్.సి. ప్రోగ్రామ్‌ని పాత రిలే బొమ్మల్లాగే నిచ్చెన మెట్లుగా గీసే పద్ధతి పెట్టారు.

"ఇది నా బొమ్మే గదేటి!" అన్నాడు ముసలాయన, ముఖమంతా వెలిగిపోతూ. "ఇదిగో స్టార్టు బటను. ఇదిగో తలుపు స్విచ్చి. ఓస్, దీనికా నువ్వు లాప్‌టాపు మోసుకొచ్చీది?"

ఆ తరవాత మూడు వారాలు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్కో రిలే దేనికో రాసుకున్నారు. డ్రాయింగుల్లో లేని సంగతులన్నీ వెంకటరాజు తలలో ఉన్నాయి. తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి మధ్యాహ్నం భోజనానికి తనే ముందు వెళ్ళి, బల్లమీద టిష్యూ పెట్టి చోటు ఆపి, అక్కడి మాటలో 'చోప్' చేసి, ఉంచేవాడు. హరికృష్ణకి జ్వరం వస్తే భార్య కొండమ్మ చేత చారు పెట్టించి బిషాన్ దాకా పట్టుకొచ్చాడు. హరికృష్ణ భార్య సుచిత్ర ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేసింది.

ఆయనకో అలవాటుంది. రిపేరు చేస్తున్నప్పుడు ఒక్కోసారి ఏదో ఒక స్విచ్చుని తాత్కాలికంగా దాటించాలి. అంటే తలుపు తెరవగానే ఆగిపోవాల్సిన యంత్రాన్ని, తలుపు తెరిచే ఉన్నా మూసినట్టు నమ్మించాలి. దానికి చిన్న వైరు ముక్క అడ్డంగా తగిలిస్తారు. వెంకటరాజు దగ్గర అలాంటి వైర్లు ఏడున్నాయి. ప్రతి దానికీ ఓ జానెడు ఎర్రగుడ్డ పేలిక కట్టి ఉంటుంది. వైరు తగిలించినప్పుడు పేలిక ప్యానెల్ తలుపు బయటికి వేలాడాలి. పని అయిపోయాక తీసి జేబులో వేసుకుని, ఇంటికెళ్ళే ముందు లెక్కపెట్టుకునేవాడు. ఏడూ ఉంటేనే బస్సెక్కేది.

ఫ్యాక్టరీలో అందరికీ ఈ సంగతి తెలుసు. ప్యాకింగ్ యంత్రం మీద ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న రోహానా అనే మలయ్ ఆవిడయితే, బిస్కెట్లు చుట్టే కాగితం ఇరుక్కున్నప్పుడు చెయ్యి లోపల పెట్టేముందు ఓసారి ప్యానెల్ వైపు చూసేది. ఎర్రగుడ్డ కనబడిందా, చెయ్యి వెనక్కి. లేదా, నిశ్చింతగా లోపలికి.

"నీ కంప్యూటర్లో ఎర్రగుడ్డ ఎక్కడ కడతావు బాబూ?" అనడిగాడు వెంకటరాజు ఓరోజు.

"ఇందులో వైర్లూ గుడ్డలూ ఉండవంకుల్. ఫోర్స్ అని ఒకటుంటుంది. నొక్కితే తలుపు మూసే ఉందని పీ.ఎల్.సి. అనుకుంటుంది. మళ్ళీ నొక్కితే పోతుంది."

"సరే. నువ్వు నొక్కినట్టు రోహానాకి ఎలా తెలుస్తాది?"

"లోపల పసుపు లైటు వెలుగుతుందండీ."

"పెట్టి తలుపు మూసేస్తే?"

హరికృష్ణ కేబుల్ చుట్టుకుంటూ మాట మార్చేశాడు. మర్నాడు వెంకటరాజు కొండమ్మ పాత చీర నుంచి చింపిన కొత్త పేలిక ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇది ఎనిమిదోది, నీది. ఏటి దాటించినా ఇది బయటికి తగిలించు. మర్సిపోకు బాబూ." హరికృష్ణ ఎదురుగా "అలాగే" అన్నాడుగానీ, ఆయన అటు తిరగగానే దాంతో లాప్‌టాప్ తెర తుడుచుకుని సంచి జేబులో కుక్కేశాడు. లక్షలు పోసి కొన్న పీ.ఎల్.సి.కి చీరపేలిక కట్టడమేమిటి? సాఫ్ట్‌వేర్ విభాగం వాళ్ళు చూస్తే నవ్విపోరూ!

నవంబరు మొదటి బుధవారం. యంత్రం అప్పగించే రోజు. కవరు అంచులని వేడితో అతికించే ఇనుప దవడలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడటానికి హరికృష్ణ పొద్దున్నే తలుపు స్విచ్చుని ఫోర్స్ చేసి, తలుపు తెరిచిపెట్టి యంత్రం నడిపాడు. అన్నీ బాగున్నాయి. ఇంతలో బాస్ ఫోను. కాగితాలు పట్టుకుని కో గదికి రమ్మని. లాప్‌టాప్ మూసి, యంత్రం తలుపూ ప్యానెలూ మూసి, చొక్కా టక్కు సర్దుకుని పైకి పరుగెత్తాడు. పసుపు లైటు ఆ పెట్టెలో చీకట్లో వెలుగుతూనే ఉండిపోయింది.

పదిన్నరకి కింద కాగితం ఇరుక్కుంది. వెంకటరాజు వచ్చి, ఇరవయ్యారేళ్ళుగా చేస్తున్నట్టే యంత్రం తలుపు తెరిచాడు. ఎప్పుడూ లాగే యంత్రం ఆగి ఉంది. ఆగింది తలుపు వల్ల కాదు, కాగితం ఇరుక్కుని కదలక. ఆ సంగతి ఎవరికీ తెలియదు. రోహానా ప్యానెల్ వైపు చూసింది. ఎర్రగుడ్డ లేదు. "తియ్యమ్మా" అన్నాడు వెంకటరాజు. ఆవిడ చెయ్యి పెట్టి కాగితం లాగింది. కాగితం కదలగానే దవడలు పడ్డాయి.

కేక విని పై నుంచి అందరూ దిగివచ్చారు. రోహానా కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి. ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్తున్న గొడవలో ఎవరూ ప్యానెల్ దగ్గర లేరు. హరికృష్ణకి మెట్లమీదే అర్థమైపోయింది.  అర్థమైన మనిషి ఏం చెయ్యాలి? నోరు విప్పాలి. అతను లాప్‌టాప్ విప్పాడు. కేబుల్ తగిలించి, ఫోర్స్ తీసేసి, పసుపు లైటు ఆరిపోయిందని చూసుకుని, ప్యానెల్ మూసేశాడు. నిమిషం కూడా పట్టలేదు.

మధ్యాహ్నం కో, సేఫ్టీ ఆఫీసరు కలిసి విచారణ చేశారు. తలుపు తెరిచి చూశారు, యంత్రం ఆగింది. పదిసార్లు తెరిచారు, పదిసార్లూ ఆగింది. కొత్త సిస్టమ్‌లో ఏ లోపమూ లేదని తేలిపోయింది. మరి పొద్దున ఎందుకు ఆగలేదు? సేఫ్టీ ఆఫీసరు చూపు వెంకటరాజు జేబు మీద పడింది. ఎర్ర పేలికల కొసలు బయటికి కనబడుతున్నాయి.

"ఇవి బైపాస్ వైర్లే కదా? పొద్దున ఏమైనా తగిలించారా?"

"లేదు సార్." వెంకటరాజు జేబులోవన్నీ తీసి బల్లమీద పరిచాడు.  "ఏడు. సూడండి, ఏడూ ఉన్నాయి."

"ఇప్పుడు ఏడున్నాయి," అన్నాడు కో మెల్లగా. "పొద్దున ఎన్నున్నాయో ఎవరికి తెలుసు?"

వెంకటరాజు బల్లమీది వైర్లనీ తన చేతుల్నీ మార్చి మార్చి చూసుకున్నాడు. తరవాత హరికృష్ణ వైపు తిరిగి తెలుగులో అడిగాడు. "బాబూ, నువ్వు సదువుకున్నోడివి. నాకైతే తగిలించినట్టు గేపకం లేదు. అలవాటు మీద తగిలించేసి మళ్ళీ తీసీసానేటి? నా తప్పేనంటావా?"

అప్పుడు చెప్పాలి. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు.  కో చేతిలో ఇంకా సంతకం పెట్టని కాగితాలున్నాయి.

"అయ్యుండొచ్చు అంకుల్," అన్నాడు హరికృష్ణ.

ముసలాయన తలూపాడు. వైర్లు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకున్నాడు. ఈసారి లెక్కపెట్టలేదు.

పోలీసులూ కేసులూ ఏమీ లేకుండా సర్దుబాటైంది. డిసెంబరులో వెంకటరాజుకి భోజనం పెట్టి, గోడ గడియారం ఇచ్చి, ముందుగానే రిటైర్ చేశారు. ఆ భోజనానికి హరికృష్ణ వెళ్ళలేదు. తలనొప్పి అన్నాడు. రెండువేలూ వచ్చింది. ఏ కంప్యూటరుకీ కళ్ళు తిరగలేదు. హరికృష్ణకి సాఫ్ట్‌వేర్ విభాగంలో కుర్చీ, పేరు కింద సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అని అచ్చేసిన కార్డులూ వచ్చాయి. సుచిత్ర ఓ కార్డు దేవుడి దగ్గర పెట్టింది. పొద్దున్నే దీపం పెడుతూ ఆవిడ ఆ కార్డుకి కూడా బొట్టు పెడుతుంటే అతను అటు చూడలేకపోయేవాడు. ఇప్పుడు చొక్కా ఏ వాసనా కొట్టడం లేదు. అయినా ఇంటికి రాగానే స్నానం చేసేవాడు.

ఫిబ్రవరిలో కొండమ్మ ఫోను చేసింది. "బాబూ, ఈయన నిన్నోపాలి రమ్మంటన్నారు. అడగాల్సిందేదో ఉందంట."

రెండు ఆదివారాలు ఏవో వంకలు పెట్టాడు. మూడోదానికి సుచిత్ర ఊరుకోలేదు. "జ్వరమొస్తే చారు మోసుకొచ్చారండీ ఆయన. ఆయన దగ్గరకి వెళ్ళడానికి మీకంత బరువేంటి?" అంది. బరువేమిటో చెప్పలేక, ఆఫీసుకెళ్తున్నట్టు లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు.

సెరంగూన్‌లో ఆరో అంతస్తు ఫ్లాటు. తలుపు తీసిన కొండమ్మ చిక్కిపోయి ఉంది. లోపలికి రాగానే హరికృష్ణకి కనబడింది వంటగది. గ్యాసు సిలిండరు మీటకి ఎర్ర పేలిక. ఇస్త్రీపెట్టె ప్లగ్గుకి ఒకటి. స్నానాలగది హీటరు స్విచ్చుకి ఒకటి. వీధి తలుపు గొళ్ళేనికి ఒకటి.

అతను చూస్తున్నది గమనించి కొండమ్మ గొంతు తగ్గించింది. "పొయ్యి ఆపానో లేదో అని పొద్దుట్నించీ నాలుగుపాల్లు లేస్తారు. వెలిగిస్తే గుడ్డ కట్టాల, ఆపితే ఇప్పాల. నన్ను కూడా కట్టమంటారు. నిన్న మనవరాల్ని ఎత్తుకోమంటే నా సేతుల్లో ఎట్టకండి అనీసారు బాబూ."

హరికృష్ణకి తల కొట్టేసినట్టయింది. తిరిగి వెళ్ళిపోదామా అనుకున్నాడు కూడా. అంత పిరికివాడు మరి. కానీ లోపలి నుంచి "వొచ్చాడా? మకాన్ అయిందా బాబూ, తిన్నావా?" అనే కేక వినబడింది.

వెంకటరాజు బల్లమీద కాగితం పరుచుకుని కూర్చున్నాడు. ప్యాకింగ్ యంత్రం నిచ్చెన బొమ్మ. చూసి గీసింది కాదు, గుర్తుమీద గీసింది. ఒక్క మెట్టు కూడా తప్పు లేదు.

"కూకో బాబూ. ఆ బుదవారం పొద్దున ఏం సేసానో గంట గంటకీ రాసాను. ఎక్కడా వైరు తగిలించినట్టు దొరకటం లేదు. నీ ప్రోగ్రాం తప్పు సెయ్యదు. అంటే నాకే బుర్ర పాడైపోయింది. ఎక్కడ పాడైందో తెలిస్తే జాగర్త పడతాను. నువ్వు సూసి సెప్పు." వేలుతో తలుపు స్విచ్చు మెట్టు చూపించాడు. "ఇక్కడేనా?"

హరికృష్ణ ఆ వేలు వైపు చూశాడు.   సంచి పక్కజేబులో చెయ్యి పెట్టి, అడుగున నలిగిపోయి ఉన్న పేలిక తీసి ఆ కాగితం మీద పెట్టాడు. తెర తుడిచిన మురికి అలాగే ఉంది.

"ఇది కట్టలేదు అంకుల్. ఆ రోజు తలుపుని దాటించింది నేను. ఫోర్స్ తియ్యకుండా పైకి వెళ్ళిపోయాను. రోహానా కేక విన్నాక వచ్చి తీసేశాను. ఎవరికీ చెప్పలేదు. మీరు అడిగినప్పుడు కూడా…" పేలికని ఆయన వైపు జరిపాడు. "మీ తప్పు లేదండీ. మీ చేతుల్లో ఏ తప్పూ లేదు."

 వంటింటి గుమ్మంలో కొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రోహానా ఎటు సూసింది ఆ రోజు?" అన్నాడు వెంకటరాజు.

"ప్యానెల్ వైపు."

"ఊఁ. నాను నేర్పిందే."

ఆయన లేచాడు. గ్యాసు మీట దగ్గరకి వెళ్ళి పేలిక విప్పాడు. ఇస్త్రీపెట్టె దగ్గరది విప్పాడు. హీటరుది, గొళ్ళానిది, ఫ్రిజ్ వెనక ఒకటి, ఫ్యాను రెగ్యులేటరుకి ఒకటి, దేవుడి దీపం దగ్గర ఒకటి.  అన్నీ బల్లమీద వేసి లెక్కపెట్టాడు. ఏడు. అప్పుడు కోపం వచ్చింది ఆయనకి.

"మూడు నెల్లు బాబూ. మూడు నెల్లు నా సేతుల్ని నాను నమ్మలేదు. సంటిపిల్లని ముట్టుకోలేదు. తప్పు సేసావు, సరే. యంత్రాల దగ్గర ఎవుడైనా సేస్తాడు. నిన్ను నమ్మి అడిగాను గదా, నా తప్పేనా అని! నీ నోట్లోంచి ఆ మాటెలా వొచ్చింది?"

  హరికృష్ణ తల దించుకుని, కన్నీళ్ళు పడకుండా కాగితాన్ని పక్కకి జరిపాడు. అదొక్కటే అప్పుడు అతను చెయ్యగలిగిన మర్యాద.

వెంకటరాజు ఎనిమిదో పేలిక తీసుకున్నాడు. లాప్‌టాప్ సంచి పిడికి రెండు ముళ్ళేసి బిగించి కట్టాడు. పేలిక బయటికి వేలాడేలా సర్దాడు కూడా.

"కో కి సెప్పు. రోహానాకి సెప్పు. సెప్పీదాకా ఇది ఇప్పకు," అన్నాడు. వెళ్ళిరమ్మనలేదు. కాఫీ తాగి వెళ్ళమని కొండమ్మ కూడా అనలేదు.

బిషాన్ ఫ్లాటుకి చేరేసరికి సుచిత్ర సంచికి కట్టిన ఎర్రగుడ్డ చూసి, "గుడికి కూడా వెళ్ళొచ్చారా? మంచి పని చేశారు," అంది. అవునంటే అక్కడితో అయిపోయేది. అతను సోఫాలో కూర్చుని, దేవుడి దగ్గరి కార్డు తియ్యమని చెప్పి, ఎందుకో కూడా చెప్పాడు. ఆవిడ కార్డు తీసింది. దానిమీది బొట్టు తుడిచి అతని ఒళ్ళో పెట్టింది.

సోమవారం పొద్దున అతను జురాంగ్ వెళ్ళాడు. కో గదికి వెళ్ళాలంటే ప్యాకింగ్ హాలు మధ్య నుంచి నడవాలి. పాత బీరువాలు లేవు. టకటకలు లేవు. రోహానాని ఇప్పుడు తేలిక పనికి మార్చారు. బెల్టు పక్కన స్టూలు మీద కూర్చుని విరిగిన బిస్కెట్లు ఏరుతోంది. కుడిచేతికి రెండు వేళ్ళు పొట్టిగా ఉన్నాయి. కదిలే బెల్టు మీదకి ఆ చెయ్యి చాపుతూ తలెత్తి అతన్ని చూసింది. పలకరింపుగా నవ్వబోయింది.

అంతలో ఆమె చూపు అతని భుజాన వేలాడుతున్న ఎర్ర పేలిక మీద పడింది. రోహానా చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

హరికృష్ణ అక్కడే నిలబడిపోయాడు. ఈ మూడు నెలల్లో పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఆ చెయ్యి వెనక్కి వెళ్ళడం ఒక ఎత్తు. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తెలిసిన ఇంగ్లీషులో, తెలియని మలయ్‌లో మొదలుపెట్టాడు. చెప్పడం పూర్తయ్యేదాకా ఆమె చెయ్యి ఒళ్ళోనే పెట్టుకుని వింది.  తరవాత అతను లేచి, పేలిక విప్పకుండానే, కో గది మెట్లెక్కాడు.